సర్వేలో రాయని బియ్యం

పెద్దింట్లమ్మ గేటు ముందున్న బల్ల మీదికి వంగి వేలిముద్ర వేసింది. ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి నాని తెల్లబడిన వేలు అది. 'సంఘంతో నాకు సంబంధం లేదు' అని ఆ కాగితంలో ఉంది. మేనేజరు శివరామకృష్ణ దాన్ని మడిచి తర్వాతి పేరు పిలిచాడు.

కాకినాడ అవతల ఆ రొయ్యల షెడ్డుకి తాళం పడి ఐదో రోజు. గ్లౌజులు అడిగిందని మెర్సీని పనిలోంచి తీసేశారు. ఆమెను తిరిగి తీసుకోవాల్సిందేనని మేం పట్టుబట్టాం. వెంటనే మెషిన్ల రిపేరని పది రోజులు గేటు మూశారు. వేలిముద్ర వేసినవాళ్లకే తర్వాత పనట.

రెండో పేరు, మూడో పేరు. వింటూనే పోల్చుకున్నాను. ఆ వరుస నేను రాసిందే.

కామ్రేడ్స్, దాచకుండా చెబుతాను. ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. డిగ్రీ చదివినవాణ్ని కదా, చర్చలకు ముందు మన బేరమాడే శక్తి ఎంతో కొలుద్దామన్నాను. నూట నలభై ఇళ్లు తిరిగాను. పని ఆగితే ఎన్ని రోజులకు సరిపడా బియ్యం ఉన్నాయని అడిగి, తక్కువున్న ఇల్లు మొదట రాశాను. పెద్దింట్లమ్మ ఇంట్లో నాలుగు రోజులకే ఉన్నాయి.

చర్చల్లో శివరామకృష్ణ నవ్వాడు. "మీ వెనక ఎంతమంది ఉన్నారండీ, సుకుమార్ గారూ?" పౌరుషం పొడుచుకొచ్చి, అందరి సంతకాలూ ఉన్న ఆ సర్వే ఫైలు ముందుకు తోశాను. "ఫోటో తీసుకోవచ్చాండీ?" అన్నాడు. దర్జాగా తీసుకోమన్నాను. సంతకాల పక్కనే బియ్యం లెక్క ఉందన్న ధ్యాసే నాకు లేదు.

గేటు దగ్గర పేర్లు పిలిచిన రోజు మధ్యాహ్నం చర్చి ఆవరణలో అందరి ముందూ ఇదే చెప్పాను. తలెత్తలేకపోయాను.

మా అందరిలోకీ పెద్దదైన సూరమ్మ లేచింది. "మా బియ్యం డబ్బాల మూతలు తీసి వాడికి చూపించావా? ఇంట్లో గింజ లేదని పక్కింటికి కూడా చెప్పుకోమే మేం! నిన్ను నమ్మి చెప్పాం."

"రాజీనామా చేస్తానండీ."

"చేసి? నీ సిగ్గు నువ్వు మోసుకుపోతే మాకేంటి లాభం?" "గుప్పెడు బియ్యం రాశావా అందులో?"

రాయలేదు. ఆ చర్చి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం కానుకగా ఇస్తారు.

"అవి ఎవరూ చెప్పలేదండీ."

"దేవుడివి కదా, మావని ఎలా చెబుతాం? పాస్టరు గారిని నేను అడుగుతా. ఈ పది రోజులూ ఆకలున్న ఇంటికే కానుక."

సత్యశ్రీ వెనకనుంచి అరిచింది. "మేం చర్చికి రాం. మా ఇంట్లో గుప్పెడు తీస్తే చేదా?"

"తియ్యవే! సంచి మాత్రం ఈయనే మోస్తాడు."

మోశాను. బియ్యం అడిగి రాసుకున్న గుమ్మాలకే సంచితో వెళ్లాను. పెద్దింట్లమ్మ నా మొహం చూడలేదు, నేనూ ఆమె మొహం చూడలేదు. చేటలో పోశాను. ఆమె ఆ చేటలోంచే ఒక గుప్పెడు తీసి తిరిగి నా సంచిలో వేసింది.

"పక్కింటికి పట్టుకెళ్లు బాబూ," అంది.

ఏడుపు ఆగలేదు. ఈమె బలం నాలుగు రోజులని రాసింది నేనే కదా.

పదకొండో రోజు గేటు తెరిచారు. ఒక్కరూ లోపలికి కదల్లేదు. పెద్దింట్లమ్మ ముందుకెళ్లింది.

"నా వేలిముద్ర నాకిచ్చెయ్యండి. మెర్సీ లోపలికి అడుగుపెట్టాకే మేం వస్తాం."

శివరామకృష్ణ ఆమెను పట్టించుకోలేదు. నావైపు తిరిగాడు. "ఇంకెన్ని రోజులు లాగుతారండీ?"

నన్నే అడిగాడు. అలా అడగడం వాడికి నేర్పింది నేనే. చెవులదాకా సిగ్గు మండింది.

"నాకు తెలీదండీ," అన్నాను.

పెద్దింట్లమ్మ గేటుకి అడ్డంగా బైఠాయించింది. ఆమె వెనక మెర్సీ, సూరమ్మ, సత్యశ్రీ, మిగతావాళ్లంతా కూర్చున్నారు. సంచి పక్కన పెట్టి నేను చివరి వరుసలో కూర్చున్నాను.