నాలుగు రోజుల తాలు

నేను గోదావరిఖని బొగ్గు బాయిలో హాలేజీ ఆపరేటర్‌ని. బొగ్గు టబ్బులు లాగే ఇనుప తాడు ఇరవై ఏళ్లుగా నా చేతి కిందే నడుస్తోంది. అలాంటి నాకు నా భార్య లింగవ్వ తాడు గుంజడం నేర్పుతానంటే ఒళ్లు మండదా మరి?

తొంభై ఏడు యాసంగి పంట నాటి సంగతి ఇది. బాయికి మైలు దూరంలో, కాలువ కింద మాకు రెండెకరాలుంది. దాని మీద ఇటుక బట్టీ పోశం కన్ను పడింది. "గీ మన్ను ఇటుకకు బంగారం, బావా" అన్నాడు. ఇచ్చేద్దామనుకున్నాను. డ్యూటీ చేసొచ్చి మళ్లీ మడిలో దిగే ఓపిక ఎవరికుంది? లింగవ్వ ససేమిరా అంది. విత్తనాల కంపెనీ జలాలుద్దీన్ సారు మాట పట్టుకుని, హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తానని కూర్చుంది.

"సరే, ఒక్క పంట చూస్త. నూటికి పాతిక గింజ నిండకుంటే భూమి బట్టీకే" అన్నాను.

"మాట మాటే" అంది.

నూటికి పాతికేమిటని నవ్వకండి. మామూలు వరిలో ముప్పాతిక గింజలు నిండక తాలు పోతే రైతు నెత్తి బాదుకుంటాడు. ఈ విత్తన వరిలో ముప్ఫై నిండితే పండగే. ఇందులో ఆడ సాళ్లు, మగ సాళ్లు వేరువేరుగా నాటుతారు. ఆడ పువ్వుకు సొంత పుప్పొడి ఉండదు, మగ సాలు నుంచి వచ్చి పడాలి. గాలి ఒక్కటే చాలదు. అందుకని ఇద్దరు చెరో గట్టున నిలబడి, పూత ఉన్నన్ని రోజులూ కంకుల మీదుగా తాడు గుంజుతారు. మగ కంకులు ఊగి పుప్పొడి లేస్తుంది.

లింగవ్వా, మా అవ్వ కనకవ్వా పూత మొదటి రోజు నుంచీ గుంజారు. నేను గట్టున బీడీ కాలుస్తూ వెక్కిరించాను. సరిగ్గా పూత నడుమ లింగవ్వకు మలేరియా పట్టుకుంది. దవాఖానలో మంచం మీద పడుకుని కూడా తాడు గోలే.

"పువ్వు నోరు తెరిసినంక గుంజు. గంట చూడకు, పువ్వును చూడు" అంది.

"ఫికర్ చెయ్యకు. తాడు పని నాకు చెప్తున్నవా?" అన్నాను.

నాకు అప్పుడు రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చేసరికి కళ్లు మూతలు పడేవి. బాయిలో తొమ్మిది గంటల సైరన్ మోగగానే గట్టు మీద నిలబడి గుంజేవాణ్ని. రెండో కొసన అవ్వ గొణిగేది. "ఇంక పువ్వు తెరువలే గద, కొడుకా."

"సైరన్ మోగింది గద, గుంజే" అని కసిరేవాణ్ని. బాయి లోపల ఎండ కనబడదు, పొద్దు కనబడదు. ఏ పనికైనా సైరనే మాకు దేవుడు. మూడు సార్లు గుంజి, వెళ్లి పడుకునేవాణ్ని. పువ్వులు పదిన్నరకు తెరుచుకునేవట. అప్పటికి నేను గురక పెడుతుండేవాణ్ని. అలా నాలుగు రోజులు. అయిదో రోజు లింగవ్వ జ్వరం మీదే లేచి వచ్చి, మా అవ్వతో కలిసి మళ్లీ తాడు పట్టింది.

కోతకు ముందు జలాలుద్దీన్ సారు వచ్చాడు. పది చోట్ల కంకులు తెంపి, గింజలు నొక్కి చూసి లెక్కపెట్టాడు. తర్వాత ఒక కంకిని పైకెత్తి పట్టుకున్నాడు.

"లింగక్క, ఇది చూడు. కంకి పైనుంచి కిందికి పూస్తది, రోజుకింత. పైన మంచిగ నిండింది, కింద గూడ నిండింది. నడుమ అంత తాలే. గా నాలుగు రోజులు ఎవరన్న నాగా పెట్టిన్రా?"

బాయి మస్టరులో కూడా అంత స్పష్టంగా గైర్హాజరు పడదు. మా అవ్వ కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోడానికి. "నాగా గాదు సారూ. సైరన్ డ్యూటీ" అంది.

లింగవ్వ నన్నొక్కసారి చూసి, సారు వైపు తిరిగింది. "లెక్కెంతొచ్చింది, సారూ?"

"నూటికి ఇరవై మూడు. కంపెనీ తీసుకుంటది, నీకేం ఫికర్ లేదు."

మా పందెం సారుకేం తెలుసు? లింగవ్వ కిందపడ్డ తాడు తీసి చుట్ట చుట్టింది. "మాట మాటే. పోశంకు చెప్పుపో" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. దాని గెలుపును నిద్రమత్తులో పోగొట్టింది నేను, మాట మీద నిలబడింది అది. ఆ కంకి పట్టుకునే బట్టీకి వెళ్లాను.

"భూమి ఇయ్యను, పోశం."

"లింగక్క గెలిసిందా, బావా?" అన్నాడు. మా పందెం వాడికీ తెలుసు.

"ఓడింది. ఓడగొట్టింది నేను" అని కంకి చూపించాను. వాడికేం అర్థమైందో గాని మళ్లీ అడగలేదు.

ఇంటికొచ్చి చెబితే లింగవ్వ మెచ్చుకుంటుందనుకున్నాను. అన్నం వడ్డిస్తూ, "మల్ల వచ్చే యాసంగికి తాడెవరు గుంజుతరు?" అంది. అవ్వకు మోకాళ్లు పట్టేశాయట.

మరుసటేడు పూత రోజులకు మేనేజరు కాళ్లావేళ్లా పడి, మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు వేయించుకున్నాను. పొద్దున్నే గట్టు మీద నా కొస పట్టుకుని నిలబడ్డాను. తొమ్మిదికి సైరన్ మోగింది. చెయ్యి దానంతటదే లేచింది. అవతలి గట్టున లింగవ్వ వంగి ఒక్కో కంకీ విప్పి చూస్తోంది, నా వైపు తలెత్తి కూడా చూడలేదు. చెయ్యి దించుకున్నాను. ఎండ మాడు పగలగొడుతోంది. గంట గడిచింది, గంటన్నర కావచ్చింది. ఇరవై ఏళ్లలో నేను ఒక పని కోసం అంతసేపు ఊరికే నిలబడింది లేదు.

లింగవ్వ లేచి కొంగు దోపుకుంది. తాడు కొస అందుకుంది.

"ఇగ గుంజు" అంది.

గుంజాను.