బస్సు బోర్డెక్కిన పెద్దమ్మ

ఊళ్ళో మూడు బస్‌స్టేషన్లు. ఏ బస్సు ఎన్నింటికో చూపించే బోర్డులన్నిటికీ సర్వర్ ఒక్కటే. పదహారేళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉన్నది, ఇప్పుడు దాన్ని చూసుకుంటున్న అమ్మాయి వాళ్ళ పెద్దనాన్న. ఆయన రిటైరయ్యాక, పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో నెగ్గి ఆ కుర్చీలోకి ఆమె వచ్చింది. వచ్చిన వారానికే ఆఫీసులో ఆమెకి తాళాలమ్మ అని పేరు పడింది. నోరు విప్పితే పాస్‌వర్డు మాటే మరి.

మాట్లాడక ఏం చేస్తుంది? సర్వర్లో దేన్నైనా మార్చగల అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటే. దాని పాస్‌వర్డు పెద్దనాన్న పెట్టినదే. అది మేనేజరుకి తెలుసు, ఎంక్వయిరీ గుమాస్తాకి తెలుసు, గోడ మీది క్యాలెండరుకీ తెలుసు. ఎవరికి పని పడితే వాళ్ళు తమ కుర్చీలోంచే రిమోట్‌గా లోపలికి దూరేవారు. ఒకరు దూరితే లోపలున్నవారు బయటపడేవారు. పెద్దనాన్న కూడా రోజూ పొద్దున్నే ఇంటినుంచి ఓసారి తొంగిచూసేవాడు.

ఎవరి ఖాతా వాళ్ళకిచ్చి, అసలు పాస్‌వర్డుని ఖజానాలాంటి సాఫ్ట్‌వేర్‌లో దాచిపెడదామని ఆమె మేనేజరుకి రెండుసార్లు రాసింది. చూద్దామన్నాడాయన. పెద్దనాన్నతో చెప్పడానికి మాత్రం ఆమెకి నోరు రాలేదు. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని కీబోర్డు మీద వేళ్ళు పెట్టించింది ఆయనే.

ఒక సోమవారం పొద్దున పెద్దనాన్న అలాగే తొంగిచూసి, బోర్డుల మీద ప్రకటనలు రాసే ఫైలు తెరిచి, దాన్ని అలాగే వదిలేసి స్నానానికి వెళ్ళాడు. పెద్దమ్మ వచ్చి కూర్చుంది. తెరనిండా తెల్లకాగితంలా కనబడేసరికి తమ ఇంటి కంప్యూటరే కదా అనుకుంది. భర్తకి చెప్పాల్సినవన్నీ టైపు చేసి, పోతాయేమోనని సేవ్ కూడా చేసింది.

ఎనిమిదీ పదికి మూడు స్టేషన్లలోనూ బస్సుల వేళలు మాయమై బోర్డులు ఇలా వెలిగాయి: “సబ్బులు నాలుగు. మోకాలి పట్టీ. బల్బు, పోయినసారిలా పగిలింది తేవద్దు. స్వీట్లు తిన్న సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు.”

మోకాలి పట్టీ ఎన్నో ప్లాట్‌ఫారం మీదికొస్తుందని ఒక పెద్దాయన ఎంక్వయిరీలో అడిగాడు. గుమాస్తా కంగారుగా సర్వర్లోకి దూరాడు. అదే క్షణంలో మేనేజరు దూరేసరికి గుమాస్తా బయటపడ్డాడు. ఇంట్లో తెర మూసుకుపోయిందని పెద్దమ్మ, ఎప్పుడూ భర్త నొక్కే బొమ్మ మీదే నొక్కింది. పాస్‌వర్డు అందులోనే దాచి ఉంది కాబట్టి ఈసారి మేనేజరు బయటపడ్డాడు. పనిలోపనిగా ఆవిడ ఇంకో వరుస చేర్చింది: “కంప్యూటరు బాగుచేసేవాణ్ణి పిలవాలి.”

తాళాలమ్మ బోర్డు చదువుతూ స్వీట్ల దగ్గరికొచ్చేసరికి ఇది ఎవరింటి జాబితానో పోల్చుకుంది. వెంటనే ఫోను చేసింది.

“పెద్దమ్మా, కీబోర్డు మీంచి చేతులు తీసెయ్యి.”

“తీశాను. నేను టైపు చేస్తున్నట్టు నీకెలా తెలుసే?”

“నాకేంటి, ఊరందరికీ తెలుసు.”

బోర్డులు దారికొచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యాహ్నం పెద్దనాన్న ఆఫీసుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ పాస్‌వర్డు మార్చెయ్ తల్లీ. నువ్వు అడగలేదని నేనూరుకున్నాను, నేనేమనుకుంటానోనని నువ్వూరుకున్నావు.”

మేనేజరు ఈసారి చూద్దామనలేదు. రెండు రోజుల్లో ఎవరి ఖాతాలు వాళ్ళకొచ్చాయి. గుమాస్తాకి ప్రకటనల వరకే తలుపు తెరుచుకుంటుంది. అసలు పాస్‌వర్డుని ఖజానాయే తయారుచేస్తుంది. కావలసినవాళ్ళు కారణం రాసి అడిగితే గంటసేపు లోపలికి పంపించి, ఆ తర్వాత తనంతట తానే మార్చేసుకుంటుంది. మొదటిరోజు మేనేజరు కారణం అన్నచోట “ఊరికే” అని రాశాడు. తాళాలమ్మ మర్యాదగా తిప్పిపంపింది.

అయితే ఇప్పుడది నీకూ తెలియదా అని పెద్దనాన్న ఆశ్చర్యపోయాడు. తెలియదంది. ఎక్కడో ఓ సందు ఉండకపోదన్నాడాయన.

అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది. మేనేజరు చేత అనుమతి కాగితం రాయించి, పాత పద్ధతుల్లో లోపలికి రాగలరేమో వారంరోజులు ప్రయత్నించి చూడమని ఆయన్నే అడిగింది. ఆయన రోజూ పొద్దున్నే నడుం బిగించి కూర్చునేవాడు. పాతది కొట్టాడు, పెళ్ళిరోజు కొట్టాడు, బంధువులందరి పుట్టినరోజులూ కొట్టాడు. ఒక్కొక్కటీ తప్పినప్పుడల్లా ఆమె ఫోను టింగుమనేది. నాలుగోరోజు సర్వరు ఆయన్ని రావద్దని తలుపేసేసింది.

ఐదోరోజు ఆయనే ఫోను చేశాడు.

“ఇక నావల్ల కాదమ్మా. చీమ దూరే సందు కూడా లేదు.”

ఓడిపోయినవాడి గొంతులా లేదది. ఆ సాయంత్రం ఎదురింటాయన్ని పిలిచి కూర్చోబెట్టి, మా పిల్ల నన్ను కూడా రానివ్వలేదండీ అని రెండుసార్లు చెప్పుకున్నాడట.