కొమురమ్మ బొట్టు పెట్టిన వ్యాను

ఆటోడు కొమురమ్మను రోడ్డు మీద దింపేసి పోయిన పొద్దు వసంతకు వచ్చిన కోపం ఇంతంత గాదు.

బోరబండ నుంచి రోజూ పొద్దు పొడవకముందే ఆరుగురు ఆడోళ్లు రాయదుర్గం దిక్కు పనికి పోతరు. ఆడ ఒక పెద్ద అద్దాల బిల్డింగు. సాఫ్ట్‌వేరోళ్లు వచ్చి కాఫీ మిషిన్ కాడ నిలవడేటాళ్లకు అంతస్తులన్నీ ఊడ్చి, తుడిచి, బాత్రూములు కడిగి పెట్టాలె. ఆ ఆరుగురికి వసంతనే పెద్దదిక్కు. ఆమె అత్త కొమురమ్మ గూడ ఆ ఆరుగురిల ఒకామె. మోకాళ్లు అరిగినయి గానీ, చీపురు పడితే పడుచు పిల్లలు గూడ ఆమె ఎనకనే. ఆరుగురు ఒక్క షేరింగు ఆటోల, ఒకల ఒడిల ఒకలు కూసోని పోవాలె.

ఆ పొద్దు కొమురమ్మ ఒక కాలు ఆటోల పెట్టి, రెండో కాలు ఎత్తెతందుకు జర ఆగింది. అంతే. "ఈ ముసలామెను ఎక్కించుకుంటే నా ట్రిప్పులన్నీ ఖరాబైతయి, దిగమను" అన్నడు ఆటోడు. కొమురమ్మ దిగింది. మారు మాట్లాడలే. కొంగు సవరించుకోని, "మీరు పోండ్రి బిడ్డా, నేను మెల్లగ నడుసుకుంట వస్త" అన్నది. బోరబండ నుంచి రాయదుర్గం దాక నడుసుకుంటనట! ఎవరన్న ఇంటే నవ్వుతరు. వసంతకు మాత్రం నవ్వు రాలే.

ఆమె గూడ ఆటో దిగింది. నడుం మీద చెయ్యేసుకోని, నలుగురు ఇంటుండంగ, "అత్తా, ఇగ నువ్వు ఎవ్వని ఆటో ఎక్కవు. మనమే బండి కొంటం. నేనే తోలుత. మన ఆరుగురం దాంట్లనే పోతం" అన్నది. అననీకైతే అనేసింది. ఆ మాట ఇప్పుడు బోరబండ నోట్ల పడ్డది. ఇగ నిలవెట్టుకోకపోతే తలెత్తుకోని తిరుగుడు కష్టమే.

తోలుడు ఆమెకు రాదని కాదు. ఆమె మొగడు మొగిలి ఇరవై ఏండ్ల సంది క్యాబు నడుపుతున్నడు. ఆదివారాలు ఆయన ఎంబడి పడి నేర్సుకున్నది, లైసెన్సు గూడ చేతికొచ్చింది. లైసెన్సు అయితే వచ్చింది గానీ మొగిలి స్టీరింగు ఇయ్యలే. మంచోడే పాపం, తాగడు, తిరగడు. బండి మాటొస్తే మాత్రం దునియల తనకొక్కనికే తెలుసనుకుంటడు.

"కొంటే కొత్తది కొందాం, కిస్తీల మీద. ఏసీ ఉంటది, నలుగురు సూస్తరు" అన్నడు మొగిలి.

"నలుగురు సూసుడు గాదు, ఆరుగురం కూసోవాలె. కిస్తీలు కట్టుకుంట కూసుంటే ఇగ తినేదేంది? పాతదే కొందాం, రోజూ తిరిగేది" అన్నది వసంత.

అట్ల ఇద్దరు ఆదివారం ఆదివారం బండ్లు సూసుడు షురువు చేసిన్రు. ఒకటి మస్తు ఎత్తుంది, ఎక్కాలంటే నిచ్చెన గావాలె. ఇంకొకటి పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నది గానీ కింద వంగి సూస్తే రేకంతా పొక్కలే. ఒకటైతే ఎంత పెద్దగున్నదంటే, వీళ్ల గల్లీల తిప్పాలంటే పక్కింటి గోడ కూలగొట్టాలె. వసంతకు సూసిన కొద్దీ ఒకటే మాట మనసుల పడ్డది: పాత మారుతి వ్యానే గావాలె. నేలకు దగ్గర ఉంటది, తలుపు పక్కకు జరుగుతది, గల్లీల పడతది, ఏ మూలకు ఆగినా ఏదో ఒక మెకానిక్కు దాన్ని బాగు చేస్తడు. ఇంటి కోడలి లెక్క అన్ని పనులకు ఒదుగుతది.

లింగంపల్లిల ఒక కాలనీల అసొంటి వ్యాను అమ్మకానికున్నదని తెలిసింది. ఓనరు విశ్వేశ్వరరావు, ఎప్పుడో భీమవరం దిక్కు నుంచి వచ్చి, ఫ్యాక్టరీల పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎదురెదురు సీట్లున్న తెల్ల వ్యాను, ఎనిమిది మంది కూసోవచ్చు. పిల్లలు బడికి పోయింది దాంట్లనే, ఇంటి సామాను మోసింది దాంట్లనే, ఇప్పటికీ పొద్దున పాలకు పోయేది దాంట్లనే అని ఫోన్ల చెప్పిండు.

ఆదివారం పొద్దున ఆరుగురు ఆడోళ్లు పట్టు చీరలు కట్టుకోని, పూలు పెట్టుకోని తయారైన్రు. పెండ్లి చూపులకు పోయినట్టే ఉన్నది వాళ్ల సంబరం. మొగిలికి తల తిరిగిపోయింది.

"ఇగో, అందరు ఇనుండ్రి. బేరం నేను చేస్త. ఎవ్వరు నోరు తెరవొద్దు, నవ్వొద్దు. బండి నచ్చినట్టు మొఖంల కనవడ్డదో, ఆయన ఒక్క రూపాయి గూడ తగ్గియ్యడు" అని గట్టిగ చెప్పిండు.

"మాకు తెల్వదా ఏంది" అన్నది నవనీత. ఆరుగురిల నోరు జర ఎక్కువున్నది ఆమెకే. కొమురమ్మ సంచి చంకల పెట్టుకోని ముందట నడిసింది.

విశ్వేశ్వరరావు ఇంటి గేటు లోపల వ్యాను నిలవడి ఉన్నది. అక్కడక్కడ రంగు వెలిసింది గానీ, అద్దాలు తళతళ మెరుస్తున్నయి, సీట్ల మీద ఉతికిన తువ్వాలలు పరిచి ఉన్నయి. వసంతకు సూడంగనే పానం లేసొచ్చింది. మొగిలి దిక్కు సూసి, మొఖం మాడ్చుకోని నిలవడ్డది.

మొగిలి పని షురువు చేసిండు. చుట్టూ తిరిగిండు, టైరును కాలితోని తన్నిండు, కిందికి వంగి నిట్టూర్చిండు.

"ఏంది సార్ ఇది! రేకు గుల్లయిపోయింది. టైర్లు బోడిగున్నయి. ఇంజన్ల ఏందో సప్పుడొస్తున్నది. సీటు కుట్లు పోయినయి. ఇది తోల్కపోతే మా గల్లీల కుక్కలు గూడ మొరగవు సార్" అన్నడు.

విశ్వేశ్వరరావు చేతులు కట్టుకుని నిలబడ్డడు. "చెప్పండి, చెప్పండి. ఇంకా ఏమున్నాయి?" అన్నడు. ఆయన మూతి మీద నవ్వు ఆగుతలేదు. మొగిలికి అర్థం కాలే. ఇంక జోరు పెంచిండు. "గేరు గట్టిగున్నది, హారన్ల దమ్ము లేదు. నిజం చెప్పాలంటే సార్, దీన్ని ఎవ్వడు ముట్టుకోడు..."

ఎనక నుంచి "ఠప్" మని కొబ్బరికాయ పగిలిన సప్పుడొచ్చింది.

మొగిలి తిరిగి సూసిండు. వ్యాను ముందు అద్దం కింద ఇంత పసుపు, దాని మీద అంత బొట్టు. వైపరుకు బంతిపూల దండ. టైర్ల కింద నిమ్మకాయలు. కొమురమ్మ కొబ్బరిచిప్ప చేతుల పట్టుకోని, కండ్లు మూసుకోని, "చల్లంగ సూడు తల్లీ" అని మొక్కుతున్నది. మిగతా ఆడోళ్లందరు చీరల కొంగులు కప్పుకోని ఆమె ఎనక వరుసగ నిలవడి దండం పెడుతున్నరు. నోరు తెరవద్దన్నడు గద, ఎవ్వరు నోరు తెరవలే.

"అవ్వా! బేరం గాలేదే!" అని తల్లి దిక్కు సూసి మొత్తుకున్నడు మొగిలి.

"బేరం నీది, బొట్టు నాది" అన్నది కొమురమ్మ. "నువ్వు టైర్లను తన్నుకుంట తిరిగినంతసేపు నేను ఎక్కి కూసోని సూసిన. ఎవ్వలు చెయ్యి పట్టకుంట ఎక్కిన, ఎవ్వలు చెయ్యి పట్టకుంట దిగిన. ఇది మన బండే."

"ఇంకొకటి సూద్దామంటే?"

"బొట్టు పెట్టినంక ఇడిసిపెట్టి పోతరారా? ఇంట్ల ఆడపిల్ల లెక్క అయింది ఇప్పుడది. నోర్ముయ్యి."

విశ్వేశ్వరరావు ఇగ ఆపుకోలేక పకపక నవ్విండు. మొగిలి మొఖం సూడాలె అప్పుడు! ఇరవై ఏండ్ల తెలివి కొబ్బరినీళ్లల్ల కొట్టుకపోయింది. ఒక్క రూపాయి తగ్గియ్యమని అడిగే మొఖం లేకుంట అయింది ఆయనకు.

నవ్వు ఆగినంక పెద్దమనిషి మొఖం గంభీరమైంది. "రేటు సంగతి కాదండి. పోయిన వారం ఒకబ్బాయి వచ్చాడు, దినేష్ అని. పాత బండ్లంటే ఇప్పుడు ఫ్యాషనట. పైకప్పు కోసేసి కాఫీ కొట్టు పెడతాడట. మీకు చెప్పినదానికంటే ఎక్కువే ఇస్తానన్నాడు. నాకే మనసొప్పలేదు. ఇది రోజూ తిరిగిన బండి, రోజూ తిరగాలి. నిలబెడితే చచ్చిపోతుంది. ఇంతకీ దీన్ని రోజూ నడిపేదెవరు?"

"నేనే సార్, ఇరవై ఏండ్ల సంది క్యాబు నడుపుతున్న" అన్నడు మొగిలి ఠక్కున.

"మరి మీ క్యాబో? పొద్దున్నే ఎయిర్‌పోర్టు ట్రిప్పులుంటాయి కదా?"

"సూస్తం సార్... ఎట్లనో అట్ల సర్దుకుంటం..."

విశ్వేశ్వరరావు తల అడ్డంగా ఊపిండు. "అలా అయితే ఇవ్వలేనండి. ఏమీ అనుకోకండి. ఆ అబ్బాయికే ఫోన్ చేస్తాను."

వసంత వ్యాను దిక్కు సూసింది. బొట్టు పెట్టిన బండి కాఫీ కొట్టయితది. రేపు పొద్దున మల్ల అదే ఆటో, అదే బతిమాలుడు. మొగని మాట తీసేసినట్టు అయితదని ఇంతసేపు ఊకున్నది. ఇప్పుడు ఊకుంటే మాత్రం ఇగ ఎన్నటికీ ఎనక సీటే.

"నేను తోలుత సార్" అన్నది. "రోజూ నేనే తోలుత. లైసెన్సున్నది."

"వసంతా, జర ఆగు..." అన్నడు మొగిలి.

"ఆగిన కాడికి చాలు."

విశ్వేశ్వరరావు ఆమెను ఒక్క నిమిషం సూసి తాళం చేతుల పెట్టిండు. "అయితే అందరినీ ఎక్కించుకుని కాలనీ చుట్టూ ఒక్క తిప్పు తిప్పి తీసుకురామ్మా. గేట్లోంచి వెనక్కి తీసేటప్పుడే తెలిసిపోతుంది. సరిగ్గా తీస్తే బండి నీదే."

ఎనక్కి తీసుడు మాటలా! ఒక దిక్కు గోడ, ఒక దిక్కు పక్కింటోళ్ల కొత్త కారు, మధ్యల వ్యాను పట్టేంత సందు. ఆడోళ్లందరు ఎక్కిన్రు. కొమురమ్మ ముందు సీట్ల కూసున్నది. వసంత స్టార్టు చేసింది, క్లచ్చు ఇడిసింది, బండి ఎగిరి పడి బంద్ అయింది. మల్ల స్టార్టు చేసింది. మల్ల బంద్. లోపల లొల్లి మొదలైంది. "అక్కా, ఎడమకు!" "కాదు కాదు, కుడికి!" బయట మొగిలి రెండు చేతులు ఊపుకుంట, "క్లచ్చు! క్లచ్చు! ఓ నీ... బ్రేకు!" అని గొంతు చించుకుంటున్నడు.

వసంతకు చెమటలు పట్టినయి. కండ్లల్ల నీళ్లు వచ్చేటట్టే ఉన్నయి. అంతల ఆమెకు కోపమొచ్చింది. ఆ కోపమే ఆమెను కాపాడింది.

కిటికీల నుంచి తల బయటికి పెట్టి, "నువ్వొచ్చి ఎనక కూసో! నోరు తెరిసినవంటే దింపేస్త!" అన్నది మొగిలితోని. లోపలికి తిరిగి, "మీరు గూడ! ఒక్కలు మాట్లాడినా ఇప్పుడే ఇంటికి నడుసుకుంట పోతరు!" అన్నది.

అందరు గప్‌చుప్. మొగిలి వచ్చి నవనీత పక్కన ఇరుక్కోని కూసున్నడు.

వసంత ఈసారి తొందర పడలే. సీటు కింద ఇంజన్ ఉంటది ఈ బండికి, దాని వేడి, దాని గుణగుణ ఒంటికి తెలుస్తనే ఉన్నది. కాలు మెల్లగ, మెల్లగ ఎత్తింది. మొగిలి క్యాబుల క్లచ్చు సగానికే పట్టుకుంటది, ఇది అట్ల గాదు, ఆఖరికి వచ్చినంకనే పట్టుకుంటది. దొరికింది! దీని నడత ఇది అన్నట్టు. బండి ఎనక్కి కదిలింది. అద్దంల గోడ, అద్దంల కారు, రెంటినీ సూసుకుంట, ఊపిరి బిగబట్టి, గేటు దాటి రోడ్డు మీదికి తెచ్చి తిప్పి నిలవెట్టింది. పక్కింటోళ్ల కారుకు దుమ్ము గూడ అంటలే.

కాలనీ రోడ్డు మీద రెండో గేరు, మూడో గేరు. గాలి కిటికీల నుంచి దూసుకొచ్చింది. ఎనక ఆడోళ్లు ముందు కిసకిస నవ్విన్రు, మల్ల గట్టిగనే నవ్విన్రు. వసంతకు ఛాతి పొంగిపోయింది. జిందగీల ఎన్ని బండ్లెక్కింది ఆమె, ఎన్నిటిల ఒదిగి ఒదిగి కూసున్నది! ఇది తను ఎటు తిప్పితే అటు తిరుగుతున్నది. అద్దంల సూస్తే మొగిలి మొఖం కనవడ్డది. సప్పుడు చేయకుంట కూసున్నడు గానీ, ఆయన ఎడమ కాలు నేల మీద తొక్కుతున్నది, లేస్తున్నది. వసంత క్లచ్చు తొక్కినప్పుడల్లా తనూ తొక్కుతున్నడు. కొద్దిసేపటికి ఆ కాలు గూడ ఆగింది. కిటికీ దిక్కు తిరిగి, హాయిగ బయటికి సూసుకుంట కూసున్నడు.

వసంత వ్యానును మల్ల గేటు ముందటికి తెచ్చి, పైసలు లెక్కపెట్టి ఇచ్చింది. విశ్వేశ్వరరావు కాగితాలు, రెండో తాళం, జాకీ అన్నీ తెచ్చి ఇచ్చిండు. మొగిలి అలవాటు కొద్దీ "సార్, జర ఏమన్న..." అని నోరు తెరిసిండు. కొమురమ్మ ఉరిమి సూసింది. మూసుకున్నడు. "ట్యాంకు నింపించే ఉంచానయ్యా, అదే నా తగ్గింపు" అన్నడు పెద్దమనిషి. బండి గల్లీ మలుపు తిరిగినదాక గేటు కాడనే నిలవడ్డడు.

తెల్లారి సోమవారం. ఎర్రగడ్డ దిక్కు నుంచి మబ్బు పట్టి ఉన్నది. ఆరుగురు యూనిఫారాలు ఏసుకోని వ్యానుల ఎక్కిన్రు. రోజూ అద్దాల బిల్డింగు పక్క గేటు నుంచి నడుసుకుంట పోయేటోళ్లు, ఆ పొద్దు పెద్ద గేటు ముందట ఆగిన్రు. కొత్త సెక్యూరిటీ పిలగాడు ఉరుక్కుంట వచ్చిండు. స్టీరింగు పట్టుకోని కూసున్న వసంతను సూసిండు, ఆమె నీలం యూనిఫారం సూసిండు, లోపలికి తొంగి సూసిండు.

"డ్రైవర్ ఎక్కడమ్మా? పిలువు. ఓనరెవరో ఆయన నంబరు గూడ కావాలె" అన్నడు.

వసంత నోరు తెరిసేలోపు కొమురమ్మ ఆమె మీది నుంచి కిటికీ దిక్కు వంగింది. ఆటోడు దింపేసిన నాడు మారు మాట్లాడని మనిషి, ఇప్పుడు గేటు కాడున్నోళ్లందరికీ ఇనపడేటట్టు అన్నది.

"కండ్లు కనవడ్తలేవా బిడ్డా? డ్రైవరు ఈమెనే, ఓనరు ఈమెనే. నా కోడలు."

పిలగాడు నాలుక కరుసుకోని గేటెత్తిండు. ఎనక నలుగురు గొల్లుమన్నరు. వసంత మాత్రం నవ్వలే. కండ్ల నిండ నీళ్లు తిరిగి ముందు తొవ్వ మసకబారింది. రెప్పలు గట్టిగ కొట్టుకోని, కొంగు లేదని యాదికొచ్చి యూనిఫారం చేతితోనే తుడుసుకోని, ఫస్టు గేరేసి లోపలికి పోనిచ్చింది.