తెర మీద పోయిన బొట్టు

"రాసుకో జ్యోతీ, మీ అమ్మ సంగతే చెప్తాండా," అన్నాడు బాలప్ప తాత.

నిరుడు గోరంట్ల దగ్గర గుట్టల్లో సూపర్‌హీరో సినిమా తీసినప్పుడు హనుమక్క కూడా జనంలో నిలబడింది. ఆ సినిమా కదిరికి వస్తే తండ్రి బాలప్పను, కూతురు జ్యోతిని వెంటబెట్టుకుని చూడ్డానికి పోయింది. హీరో నుజ్జు చేసిన ఆటో మరుక్షణమే కొత్తదానిలా నిలబడి ఉంది. హాలంతా గొల్లుమంది. హనుమక్కా నవ్వింది.

అంతలో తెర మీద తన ముఖమే కనిపించింది, నుదుట రూపాయి కాసంత బొట్టుతో. హీరో ఎగిరి దిగేసరికి ఆ బొట్టు లేదు.

ఆమె నవ్వు ఆగిపోయింది. మొగుడు తిప్పేష్ బోర్లు వేసే లారీతో మహారాష్ట్రకు పోయి నెలయింది. రెండు రోజులుగా ఫోను పలకడం లేదు.

"నా బొట్టు యాడికి పోయినాది నాయనా?"

"పొద్దున కొంత, మద్దేన్నం కొంత తీసినారు కదమ్మా. నడుమ నువ్వే చెమట తుడుచుకుంటివి, ఆపొద్దు నేనూ ఆడనే ఉండి చూసినా. ఆటో మాదిరే ఇదీ వాళ్ల తప్పే."

"ఆటోకు మొగుడుండాడా నాయనా?"

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె ముద్ద ముట్టలేదు. కుంకుమ భరిణె ఒళ్లో పెట్టుకుని, బొట్టు ఉందో లేదోనని మాటిమాటికీ నుదురు తడుముకుంటోంది. ఫోను మోగితే ఎత్తడానికి భయపడి జ్యోతి చేతికిస్తోంది.

"ఈడికి చాలు జ్యోతీ. మీ నాయన ఫోను ఎత్తినాడంటే ముందు ఇది సదివి వినిపించు. ఆనెంక మీ అమ్మతో ఒక్క మాట మాట్లాడమను."