కుప్పం దాకా వచ్చినవాడు

ప్రసాదరావు పుంగనూరులో బడి అయ్యవారు. 1944 వేసవినాటికి అతను మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రిలో చేరి ఏడాదిన్నర అయింది. యుద్ధకాలం, కాగితం దొరకదు. పాత జ్వరం చార్టుల వెనక కథ రాసేవాడు. ఒక పేజీ రాస్తే ఆ పూటకు ఓపిక అయిపోయేది. సాయంత్రం నర్సు దెబోరా దాన్ని వరండాలో మంచాల మీదున్న వాళ్లకు చదివి వినిపించేది.

కథలో ఓబులేసు కుప్పంలో మగ్గం నేసేవాడు. భార్యకు దగ్గులో రక్తం పడిన వారానికే, చెప్పాపెట్టకుండా కోలారు బంగారు గనుల్లో పనికి పారిపోయాడు.

పక్క మంచం మునస్వామికి ఓబులేసు పేరెత్తితేనే ఒళ్లు మండేది. రామకుప్పం దగ్గర రాగిచేను చేసుకునే మనిషి. చేరిన కొత్తలో ఒకసారి వచ్చిన భార్య మళ్లీ రాలేదు.

"గని కూలిపోయి సచ్చినాడని రాయి అయ్యోరా. పీడ పోతాది," అన్నాడు.

ప్రసాదరావుకు వాణ్ణి చంపబుద్ధి కాలేదు. మర్నాడు ఓబులేసు చేత ఒక ముసలాయనకు అన్నం పెట్టించాడు. ఆ మర్నాడు గనిలో చిక్కుకున్న కూలీని కాపాడించాడు. చదువుతుంటే దెబోరా గొంతులోనే నమ్మకం లేదు.

"ఊరోళ్లకంతా మంచోడే. ఇంట్లో దానికి నీళ్లిచ్చే దిక్కు లేదు," అని మునస్వామి గోడవైపు తిరిగాడు.

ప్రసాదరావు ఆ రెండు కాగితాలూ చించేశాడు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు కూర్చోలేక, పడుకునే చెబుతుంటే దెబోరా రాసుకుంది. సాయంత్రం అదే చదివింది.

ఓబులేసు కుప్పంలో రైలు దిగాడు. తన వీధి దాకా నడిచాడు. తలుపు తెరిచే ఉంది. లోపల దగ్గు. అది ఆగాక లోపలికి పోదామని నిలబడ్డాడు. ఆగింది. కాళ్లు కదల్లేదు. తలగుడ్డ మొహానికి అడ్డం లాక్కుని స్టేషనుకు తిరిగి వెళ్లిపోయాడు.

మునస్వామి గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"బయపడినాడు నా కొడుకు," అన్నాడు. "నా పెండ్లాం గూడా గేటు దాకా వచ్చి పోయిండాదేమో. ఎవురికి తెలుసు?"

"అయితే వాణ్ణి క్షమించినావా అప్పా?" అంది దెబోరా.

"క్షమించేదేంది సిస్టరమ్మా! కనపడితే చెప్పుతో కొడతా." దగ్గు వచ్చి ఆగాడు. "అయినా సావొద్దులే వాడు. మళ్లీ ఎప్పుడొస్తాడు అయ్యోరా?"

"నాకూ తెలీదు మునస్వామీ," అని ప్రసాదరావు కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మునస్వామి దెబోరా చేత భార్యకు కార్డు రాయించాడు.

"లోపలికి రావద్దులే. గేటు కాడికి వస్తే సాలు. నేను ఈడనించి సూస్తాను."

దెబోరా అంతే రాసి, చదివి వినిపించింది. వేలిముద్ర వేయడానికి లేచి కూర్చోవాలంటే అతనికి చాలాసేపు పట్టింది.