సుగుణావతి చూసిన చివరి స్లైడ్

నేను ఒక మైక్రోస్కోపును. అంబాలాలోని చిన్న కార్ఖానాలో నా కటకాలు అరగదీసి, మరలు బిగించి పంపారు. లారీలో ఊగుతూ వచ్చి, మన్యం అంచున ఒక సర్కారు ఆసుపత్రి ల్యాబులో కుదురుకున్నాను. కంటికి ఆననిది చూడటానికి మనుషులు నన్ను చేసుకున్నారు. ఎదురుగా ఉన్న మనిషిని చూడటానికి మాత్రం ఇంకా ఏమీ చేసుకోలేదు.

నన్ను ఎక్కువకాలం వాడింది సుగుణావతి. కాంట్రాక్టు టెక్నీషియన్. జ్వరంతో వచ్చినవాళ్ల రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు వేసి, నా కింద మలేరియా క్రిమిని వెతికేది. శిక్షణకు వచ్చిన ధనుంజయ్‌కి ఆ పని నేర్పింది కూడా ఆమే. చదువు కాగానే అతను ఒక ప్రైవేటు ల్యాబు కంపెనీలో చేరాడు.

"ఇక్కడుంటే ఇలాగే ఉండిపోతావక్కా. నువ్వూ వచ్చియ్," అన్నాడు వెళ్తూ.

"సూపర్‌వైజర్ పోస్టు పడతాదంటరా. పీజీ ఉంటే నాకే ఇస్తారు," అంది.

డ్యూటీ చేస్తూనే దూరవిద్యలో పీజీ చదివింది. పట్టా చేతికొచ్చిన ఏడాదే ల్యాబును ఆ కంపెనీకే అప్పగించారు. సూపర్‌వైజర్ పోస్టు రద్దయింది. ఇక రక్తం పట్నం వెళ్లాలి, రిపోర్టు అక్కణ్ణుంచి రావాలి. ఏరియా మేనేజరుగా దిగిన ధనుంజయ్ ఆమెకు రక్తం తీసి పంపే పని ఇచ్చాడు.

"మరి నా పీజీ?"

"పైవాళ్లు అడగలేదక్కా."

ఆమె సిరంజి అందుకుంది. నా మీద గుడ్డ కప్పారు.

వానల్లో ఒక తల్లి జ్వరంతో సోలిపోతున్న పాపను ఎత్తుకొచ్చింది. అక్కడికక్కడే పరీక్షించే మలేరియా కిట్లు అయిపోయాయి. వాగు పొంగి పట్నం వ్యాను ఆగిపోయింది.

"రిపోర్టు వచ్చీదాకా నా పాప ఉంటాదా అమ్మా?" అని ఆ తల్లి అడిగింది.

సుగుణావతి నా మీది గుడ్డ లాగేసింది. పాప రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు వేసి, నా కింద పెట్టి మర తిప్పింది. "ఉంది! మలేరియాయే!" అంటూ డాక్టరు దగ్గరకు పరుగెత్తింది. వెంటనే మందు పడింది. పాప బతికింది.

అనుమతి లేని పరీక్ష చేసిందని సుగుణావతిని తీసేశారు. ఆ కాగితం తెచ్చింది ధనుంజయే.

"నాదేం లేదక్కా, రూలు."

"పాప బాగుందిరా," అందామె. అతను సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు.

ఇప్పుడు నేను సామాన్ల గదిలో విరిగిన మంచాల మధ్య ఉన్నాను. పక్క హాల్లో ల్యాబ్ కోర్సు పిల్లలకు ధనుంజయ్ ఉపన్యాసమిస్తున్నాడు. ఈ రంగంలో ఎదుగుదలకు హద్దే లేదట. ఒకమ్మాయి లేచి, "సార్, ఈ ల్యాబులో పనిచేసి అలా ఎదిగినోళ్లు ఎవరున్నారు?" అని అడిగింది.



"నేనే," అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు.