పదింటి కొలత

అది ఆపరేషన్ థియేటర్‌లో పరిచే దుప్పటి. ఉతికి, మరిగించి, ఆరేసి, మడత పెట్టిన దుప్పటి. లాండ్రీ నడిపే వదిన దాన్ని తెచ్చి, ఆడపడుచు కొలతలావిడ ఒళ్లోకి విసిరికొట్టింది.

"చూడు! కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూడు. ఇవి మచ్చలా, నా భ్రమా?"

మచ్చలే. ఒక్కొక్కటీ ఆవగింజలో సగం కూడా ఉండదు. వేలితో రుద్దితే మాత్రం బెత్తెడు పొడవున బూడిదరంగు చార సాగింది.

దుప్పటి వెనకే రెండు కాగితాలు వచ్చి పడ్డాయి. మొదటిది ఆసుపత్రి రాసింది: మీ లాండ్రీ నుంచి వచ్చే దుప్పట్లలో శుభ్రత లేదు, శుక్రవారం నాలుగింటికి వచ్చి సంజాయిషీ చెప్పుకోండి, లేకపోతే కాంట్రాక్టు రద్దు. రెండోది లాండ్రీ వెనక గోడ అవతల ఉన్న ఇనుప తుక్కు కరిగించే ఫ్యాక్టరీ ఇచ్చింది: మా చిమ్నీలో దుమ్ము ఘనపు మీటరుకు పది మిల్లీగ్రాములు మాత్రమే, అనుమతించినదానిలో అయిదో వంతు. కింద సంతకం ఎవరిదో కొలతలావిడ వేరే చదవక్కర్లేదు. ఆరేళ్లుగా అది ఆమె సంతకమే.

"ఫ్యాక్టరీ దుమ్మని నేను మొత్తుకున్నాను. ఆసుపత్రివాళ్లు ఫ్యాక్టరీని అడిగారు. ఫ్యాక్టరీవాడు నీ సంతకం తీసి చూపించాడు. అర్ధమొగుడు ఆడపడుచు అంటారు. నువ్వు సగంతో ఆగలేదే తల్లీ!"

ఇస్త్రీ బల్ల దగ్గర అన్నయ్య తలెత్తలేదు. ఆ ఇంట్లో అరవడానికి వదిన ఒక్కతే చాలని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు.

"కొలత అబద్ధం చెప్పదు వదినా," అంది కొలతలావిడ. ఆమెకూ ఒళ్లు మండింది.

"అయితే నా దుప్పటి చెప్పిందా అబద్ధం? ఈ ఆసుపత్రి పోతే మిషన్లు అమ్ముకుని వీధిన పడాలి. అది కూడా కొలిచి రాసుకో."

కొలతలావిడకు ఆ పేరు ఊరికే రాలేదు. చిమ్నీ ఎక్కి, దానికున్న కన్నంలో గొట్టం దూర్చి, గంటసేపు పొగ లాగి, వడపోత కాగితాన్ని ముందూ వెనకా తూచి, ఎంత దుమ్ము పోతోందో చెప్పడం ఆమె వృత్తి. ప్రతి ఫ్యాక్టరీ ఏడాదికోసారి గాలిలోకి ఎంత వదిలిందో కాలుష్యాల ఆఫీసుకు రాసి పంపాలి. ప్రతి అంకె పక్కనా ఒక గడి ఉంటుంది. ఈ అంకె మీకెలా తెలిసింది? కొలిచారా, లెక్కగట్టారా, అంచనా వేశారా? అంచనా వేసేవాళ్లంటే కొలతలావిడకు చిన్నచూపు. కుర్చీలోంచి లేవకుండా ఫ్యాక్టరీ పొగంతా చెప్పేస్తారు, మహానుభావులు! తన గడిలో ఎప్పుడూ 'కొలిచింది' అనే ఉంటుంది. ఆ మాట చూసుకుని ఆరేళ్లు మురిసిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి ఆమె లాండ్రీ పెరట్లో ఉంది. వదిన ముక్కు మీద గుద్దినట్టు నిరూపించాలనే వచ్చింది. దుప్పట్లు ఆరేసేది అయిదింటికి, తాను కొలిచేది పదింటికి. ఆ తేడా ఏమిటో చూసి, మచ్చలు మరెక్కడి నుంచో వస్తున్నాయని తేల్చేసి, తర్వాత క్షమాపణ చెప్పించుకుందామని ఆమె పథకం.

గోడ అవతల బట్టీ వెలిగిన చప్పుడైంది. పొడుగాటి చిమ్నీలోంచి ఏమీ రాలేదు. దాని పక్కనే ఒక పొట్టి గొట్టం ఉంది. ఆరేళ్లుగా చూస్తూ, మూసేసిన పాతదేమో అనుకున్న గొట్టం. అది గుప్పున గోధుమరంగు పొగ కక్కింది. పొగ గోడ దాటి, తీగల మీది తెల్ల దుప్పట్ల పైనుంచి తీరుబడిగా వెళ్లింది. అయిదు నలభైకి ఎవరో మూత వేసినట్టు ఆగిపోయింది. కొలతలావిడ తన చేతి మీద వేలు పెట్టి రుద్దుకుంది. బూడిదరంగు చార.

ఆమె గోడ చుట్టూ తిరిగి గేటు దగ్గరికి పరిగెత్తినంత పని చేసింది. బట్టీ మేస్త్రీ మొహం కడుక్కుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ బట్టీకి కాపలా కాసిన మనిషి, కడుపులో ఏమీ దాచుకోడు.

"ఆ పొట్టి గొట్టం ఏమిటి మేస్త్రీ?"

"అదా? బైపాసమ్మా. చల్లటి బట్టీ వెలిగిస్తే పొగలో తడి ఉంటుంది. అది ఫిల్టరు సంచుల్లోకి పోయిందంటే సంచులు బురద పట్టి చస్తాయి. అందుకని వేడెక్కేదాకా నలభై నిమిషాలు ఇటు వదిలేస్తాం."

"ఫిల్టరు లేకుండానా? రోజూనా?"

"రాత్రి ఏడింటికి ఆపుతాం, పొద్దున అయిదింటికి వెలిగిస్తాం. రోజూ వెలిగిస్తే రోజూ వదలాలిగా."

"ఆరేళ్లలో ఒక్కసారైనా నాకెందుకు చెప్పలేదయ్యా?"

మేస్త్రీ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు అడిగారా? పదింటికి వస్తారు. రాగానే 'బట్టీ స్థిరంగా నడుస్తోందా' అంటారు. నడుస్తోందంటాను. ఒకరోజు కాస్త అటూ ఇటూగా ఉంటే, స్థిరపడేదాకా కొలవనని మీరే గంట కూర్చున్నారు కూడా."

అవును, కూర్చుంది. బట్టీ స్థిరంగా ఉన్నప్పుడే కొలవాలని పద్ధతుల పుస్తకంలో ఉంది. పుస్తకంలోని ప్రతి మాటా పాటించేది ఈ చుట్టుపక్కల తానొక్కతేనని ఆమెకు పేరు. ఆ పదింటి గంటను పట్టుకొచ్చి, ఏడాదిలో బట్టీ నడిచిన గంటలన్నిటితో హెచ్చవేసి, కింద సంతకం గీకింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటే అది పాల కోసం. ఈవిడ దేనికి మూసుకున్నట్టు? ఒట్టి జాగ్రత్త కోసం! ఛీ, ఇదీ ఒక చదువేనా అని అక్కడే గేటు ముందు తనను తాను తిట్టుకుంది.

గేటు పక్క అరుగు మీద కూర్చుని లెక్కేసింది. ఫిల్టరు కొన్నప్పుడు దాన్ని చేసినవాళ్లు ఇచ్చిన కాగితంలో లోపలికొచ్చే దుమ్ము ఎంతో ఉంది: ఘనపు మీటరుకు ఎనిమిది గ్రాములు. గంటకు నలభై వేల ఘనపు మీటర్ల పొగ. నలభై నిమిషాలకు రెండు వందల పదమూడు కిలోలు. ఏడాదికి మూడు వందల రోజులు. అరవై నాలుగు టన్నులు. తాను రాసిచ్చిన ఏడాది మొత్తమేమో టన్నూ ఆరువందల ఎనభై కిలోలు. అంటే ఎనిమిది తెల్లవారుజాములకే ఏడాది లెక్క దాటిపోతోంది. మిగతా రెండు వందల తొంభై రెండు రోజులూ ఏ లెక్కలోనూ లేవు. అవి వదిన దుప్పట్ల మీద ఉన్నాయి.

తొమ్మిదింటికి మేనేజరు గదిలో ఆ కాగితం పెట్టింది. మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు చదివాడు.

"బైపాస్‌ను కొలవలేదు కదండీ. కొలవనిది ఎలా రాస్తాం?"

"లెక్కగట్టి రాస్తాం. గడి ఉంది కదా."

"వెలిగించేటప్పటి పొగను ఎవరు లెక్కలోకి తీసుకుంటారండీ!"

"తీసుకోవాలి. వెలిగించినప్పుడూ, ఆపినప్పుడూ, ప్రమాదం జరిగినప్పుడూ పోయేదంతా కలిపే రాయాలని మీ ఫారం వెనకే అచ్చేసి ఉంది. నేనూ తిప్పి చూడలేదు, మీరూ తిప్పి చూడలేదు."

"సరే, మీ మాట కాదనడం ఎందుకు? అంచనా గడిలో సున్నా వేద్దాం. అంచనాయే కదా, ఎంతైనా ఉండొచ్చు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రోజుకు రెండు క్వింటాళ్లు ఊరి నెత్తిన పోసి సున్నా అంటారా? నోరెలా వచ్చిందండీ? ఆ గోడ అవతల మనుషులున్నారు!"

"అరవకండి. మీ ఆరేళ్ల సంతకాలు ఏమవుతాయో అది కూడా చూసుకోండి మరి."

చూసుకుంది. చూసుకునే, ఆరేళ్ల కొలతలనూ ఏడాది మొత్తాలుగా వాడటం తప్పని, బైపాస్ పొగ కలిపితే ఏటా అరవై అయిదు టన్నుల పైమాటేనని రాసి, కాలుష్యాల ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుంది. ఆ ముద్ర ఆరకముందే ఫ్యాక్టరీ ఆమెకు ఇక రావద్దని కబురు పెట్టింది.

శుక్రవారం నాలుగింటికి ఆసుపత్రి గదిలో పెద్ద డాక్టరు, స్టోర్సు ఆఫీసరు, ఫ్యాక్టరీ మేనేజరు కూర్చున్నారు. వదిన నిలబడే ఉంది. కొలతలావిడ నకలు బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక్క అంకె కూడా మింగలేదు.

పెద్ద డాక్టరు చెడ్డమనిషి కాదు. అదే చిక్కు. "పాత లెక్కా మీదే, కొత్త లెక్కా మీదే. ఏది నమ్మమంటారు?" అని మర్యాదగా అడిగాడు.

మేనేజరు ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు చూసి కొలతలావిడ గొంతు లేచింది. "ఏదీ నమ్మకండి! రేపు అయిదింటికి లాండ్రీ పెరట్లోకి రండి. ఈ తెల్లకోటే వేసుకుని రండి. నలభై నిమిషాలు నిలబడి, తర్వాత ఆ కోటుతో ఆపరేషన్ చేయగలరేమో మీరే చెప్పండి."

మేనేజరు నవ్వు ఆగిపోయింది. డాక్టరు తన కోటు చేతి అంచు కేసి చూసుకుని అన్నాడు: "తప్పు మీ వదినగారిది కాదని ఫైల్లో రాస్తాను. కానీ ఎవరివల్ల పడినా మచ్చ మచ్చేనమ్మా. పొట్ట కోసిన మనిషి మీద ఆ పెరట్లో ఆరిన బట్ట కప్పలేను."

కాంట్రాక్టు పోయింది. అవతల వీధిలోని ఇంకో లాండ్రీకి సోమవారం నుంచే దుప్పట్లు పంపుతారట. అరవై నాలుగు టన్నులు వదిలినవాడు ఫైలు చంకలో పెట్టుకుని కారెక్కాడు. లాండ్రీ మనిషి వట్టి చేతులతో వరండాలోకి వచ్చింది.

"తిట్టు వదినా," అంది కొలతలావిడ. "నోటికొచ్చినట్టు తిట్టు. పడతాను."

వదిన బెంచీ మీద కూలబడింది. "నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిదే? మొదట్లో మచ్చ కనబడ్డప్పుడల్లా నువ్విచ్చిన కాగితం నకలు తీసి చూసేదాన్ని. దుమ్ము కాదని రాశావు. దుమ్ము కాకపోతే ఉతికేవాళ్ల చేతులే కదా అనుకున్నాను. పెద్దామె ఉండేది, పదకొండేళ్లు నా దగ్గర ఉతికింది. నీ చేతులే మురికి అని అందరి ముందూ అన్నాను. చేతులు సబ్బుతో తోమి తోమి, తోలు ఊడేలా తోముకుని వచ్చి నా ముందు చాపింది. చూడమ్మా అంది. చూడలేదు నేను. మర్నాడే మానిపించాను. తర్వాత దాని కోడల్ని కూడా."

కొలతలావిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఫైల్లో నా తప్పు లేదని రాస్తాడట డాక్టరు," అంది వదిన. కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. "వాళ్ల తప్పు లేదని ఎవడు రాస్తాడే? ఏ ఆఫీసులో రాస్తాడు?"

"పద వదినా. నేను చెబుతాను."

"నువ్వొక్కదానివే కాదు. ఇద్దరం చెప్పాలి."

పెద్దామె ఇల్లు రెండు వీధుల అవతల, మెట్ల కింద ఒక గది. తలుపు తీసి, ముందు వదినను, తర్వాత కొలతలావిడను చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మళ్లీ ఏం మచ్చ పడిందమ్మా?" అంది. "నేను మానేసి మూడేళ్లయిందిగా."